శాంతయ్య వేలం వేసిన దీపం

ఎర్రచెలిమ ఉపదేశి శాంతయ్యను స్వర్గం ఎట్లా వుంటుందని ఎవరైనా అడిగితే రెండు మాటల్లో చెప్పి ఊరుకునేవాడు. సైకిలుకు ఏ దీపం మంచిదని అడిగితే మాత్రం, అడిగినవాడు పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చివుంటే ఆ పూట సంగటి మీద ఆశ వదులుకోవలసిందే.

ఆ సంగతి చెప్పే హక్కు ఆయనకు ఉంది మరి. ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో రాత్రంతా సైకిలు తొక్కేవాడు ఇంకొకడు లేడు. గుడిలో ప్రార్థన నడపడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఆయన పని. దానికి ఆయనకు రెండు ఊళ్లు. ఎర్రచెలిమలో కాపురం, బడి, శనివారం సాయంత్రం ప్రార్థన. కోతిబండలో ఆదివారం ఉదయం ఆరాధన. రెంటికీ నడుమ పద్దెనిమిది మైళ్ల నల్లరేగడి, ఆ మధ్యలో హగరి ఏటి ఇసుక. శనివారం ప్రార్థన ముగించి బయల్దేరితే, తొక్కగలిగిన చోట తొక్కి, తోయవలసిన చోట తోసి, తెల్లవారే సరికి కోతిబండ గుడిలో గంట కొట్టాలి. మిషను దొర ఒకాయన సీమకు పోతూ ఇచ్చిపోయిన సైకిలు ఆయనది. దొరకు పొడుగు కాళ్లు, మన శాంతయ్యకు పొట్టి కాళ్లు. ఎక్కడం ఒక పని, దిగడం ఇంకో పని.

మొదట ఆయన చమురు దీపం పెట్టుకున్నాడు. అది ప్రతి గుంతలోనూ దడదడలాడి ఆరిపోయేది. కిరసనాయిలు కారి పంచెకు అంటుకునేది. గుడిలో ఆయన చేతులెత్తి ఆశీర్వదిస్తుంటే ముందు వరసలోని వాళ్లు మెల్లగా వెనక్కు జరిగేవాళ్లు.

తరువాత గ్యాసు దీపం. అడుగు డబ్బాలో కార్బైడు గడ్డలు, పై డబ్బాలో నీళ్లు. చుక్క చుక్కగా నీళ్లు పడితే గ్యాసు పుట్టి తెల్లగా మండుతుంది. వెలుగుకేం, పెళ్లి ఊరేగింపులా వుండేది. బరువు మాత్రం మేకపిల్లంత. పైగా నీళ్లు. కడవలతో మోసుకొచ్చే నీళ్లను దీపానికి పోయాలంటే ఆయన ప్రాణం గిలగిలలాడేది. ఒక వేసవిలో దారి మధ్యలో దీపానికీ మనిషికీ ఒకేసారి నీళ్లు నిండుకున్నాయి. కనుచూపు మేరలో బావి లేదు, చెలమ లేదు. శాంతయ్య చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, మనిషి ఒంట్లో దేవుడు పనికిరానిదేదీ పెట్టలేదని సమాధానం చెప్పుకుని, దీపం డబ్బాతో తుమ్మచెట్టు చాటుకు పోయాడు. దీపం వెలిగింది. కోతిబండ చేర్చింది కూడా. అక్కడ దాన్ని గుడి గుమ్మానికి వేలాడదీశాడు. పొద్దెక్కేకొద్దీ వాసన బయటపడింది. విశ్వాసమ్మ అని ఆ ఊరి ముసలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమప్పా ఉపదేశీ, నీ దీపంలో ఏం పోస్తాండావు?"

"నీళ్లేనమ్మా."

"ఏ బావి నీళ్లో చెప్పప్పా. ఆ పక్కకు కడవ ఎత్తుకుని పోకుండా ఉంటాము."

ఆ వారమే గ్యాసు దీపం అటక ఎక్కింది.

డైనమో సంగతి చూశాడు. చక్రానికి ఆనుకుని తిరుగుతూ వెలిగే యంత్రం. సెల్లు ఖర్చు లేదు, చమురు ఖర్చు లేదు. కానీ తొక్కినంతసేపే వెలుగు. దిగి తోస్తే చీకటి. గుంతలూ ముళ్లూ తేళ్లూ ఉండేదేమో తోసే చోటే. ఎదురుగాలిలో అది పట్టుకుంటే, వెనకనుంచి ఎవరో సైకిలును గుంజుతున్నట్టుండేది.

ఆఖరుకు ఆదోని సైకిలు షాపులో బ్యాటరీ దీపం ఎంచుకున్నాడు. ఎంచుకోవడమంటే మామూలుగా కాదు. ఒక్కొక్క దీపాన్నీ అరచేతిలో పెట్టి, పాటల పుస్తకం రెండో చేతిలో పెట్టి, ఏది బరువో తూచాడు. షాపు సాయిబు పెద్ద దీపం ఒకటి వెలిగించి గోడ మీద పడేశాడు.

"ఇది చూడు ఉపదేశీ. పొలం అవతల ఉండే మనిషి కనపడ్తాడు."

"పొలం అవతల మనిషితో నాకేం పనప్పా. నా ముందు చక్రం పడే గుంత కనపడితే సాలు."

"అయితే ఇది తీసుకో. గుడ్డి దీపం."

"గుడ్డిదైతే సెల్లు శానా దినాలు వస్తాదా?"

"వస్తాది. కండ్లున్నోడు తిన్నంత గుడ్డోడు తినడు గదా."

అట్లా ఆ చిన్న దీపం ఆయన ఇంటికి వచ్చింది. రేకు మీద రేకు ఆడి గలగలమంటుందని, భార్య కృపమణి పాత ఎర్రకోక పీలిక చింపి దాని మెడకు బిగించి చుట్టింది. ఆ పీలిక చూస్తే ఎవరి దీపమో ఇంట్లో ఎవరైనా చెప్పగలరు.

శాంతయ్య దాన్ని వాడిన తీరు పిసినారి నెయ్యి వాడినట్టు. వెన్నెల ఉంటే ఆర్పేసేవాడు. చుక్కల వెలుగులో తెల్లగా కనపడే బండ్లబాట మీద ఆర్పేసేవాడు. ఇల్లు చేరాక సెల్లులు బయటికి తీసి, కప్పు మీద మిరపకాయల పక్కన ఎండకు పెట్టేవాడు. ఎండిన సెల్లుకు మళ్లీ కాస్త ఊపిరి వస్తుందని ఆయన నమ్మకం. వస్తుంది కూడా. యుద్ధం మొదలై ఆదోని షాపుల్లో సెల్లులు కనపడకుండా పోయాక, ఆలూరు తాలూకాలో రాత్రి దారికి వెలుగున్నది బహుశా ఆయన ఒక్కడికే.

అయినా ఆ ఏడు రెండుసార్లు కోతిబండకు పొద్దెక్కి చేరాడు. ఒకసారి వాన, ఒకసారి చక్రంలో ముల్లు. ఆ గుళ్లన్నిటికీ పెద్ద అయిన గురువుగారు పిలిచి మెత్తగానే చెప్పాడు. "కోతల పండగ ఆదివారం నేనే కోతిబండకు వస్తాను శాంతయ్యా. అప్పుడు కూడా ఆలస్యమైతే ఆ ఊరిని లేవికి ఒప్పగిస్తాను. ఏమీ అనుకోవద్దు." లేవి ఇంకో ఉపదేశి. ఆయనకు కోతిబండ దగ్గర.

శాంతయ్య ఏమీ అనుకోలేదని చెప్పలేం. కోతిబండలో మొదటి గుడిసె గుడి ఆయన చేతులతో కప్పింది. అక్కడి ముసలివాళ్లకు ఆయన అక్షరాలు నేర్పాడు. ఆ ఊరు పోతే తనలో సగం పోయినట్టే. అందుకని ఆ పండగ రాత్రి కోసం చివరి జత సెల్లులు గుడ్డలో చుట్టి పెట్టెలో దాచాడు. చందమామ సగంరేత్రికి కుంకుతుంది. అక్కణ్నుంచి ఏరు, ముళ్లదారి. అప్పుడు వెలిగించాలి. లెక్క సరిపోయింది.

పండగ శనివారానికి మూడు దినాల ముందు కృపమణి తమ్ముడు దావీదురాజు వచ్చాడు. నాలుగు మైళ్ల దూరంలో గవిగట్టు బడిలో పంతులు. నూనె రాసిన తల, మడత నలగని చొక్కా, ఏ మాటకైనా ముందు ఒక నవ్వు.

"బావా, ఆదోనికి పోయేది ఉండాది. దీపం ఇస్తావా? శనివారం పొద్దున్నే నీ చేతిలో పెడతా."

దాచిన ఆ కొత్త సెల్లులతో ఇవ్వాలా వద్దా అని శాంతయ్య తటపటాయించాడు. కృపమణి పక్కనుంచి "ఇయ్యవయ్యా, వాడేమన్నా తింటాడా" అంది. ఇచ్చాడు. ఎక్కడ ఆర్పాలో, ఎక్కడ వెలిగించాలో గడప దాకా వచ్చి చెప్పాడు. దావీదురాజు అన్నిటికీ తల ఊపాడు.

శనివారం మధ్యాహ్నం ఎర్రచెలిమ గుడి ముందు పందిట్లో కోతల పండగ. పండిన పంటలో మొదటిది ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయ, కోడి, కొర్రల చేట, పత్తి గంప. ప్రార్థన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. దుడ్లు లేనివాళ్లు గింజలతో పాడవచ్చు. వచ్చింది గుడికి. వేలం పాడించేది ఎప్పుడూ శాంతయ్యే. పాడించేవాడు తాను పాడకూడదని కట్టుబాటు. ఇంకొకటి, ఒకసారి బల్ల ముందు పెట్టిన వస్తువును ఇది నాదని ఎవరూ అడగకూడదు. అది దేవుడిదైపోయినట్టే. ఈ మాట పోయిన ఆదివారమే శాంతయ్య గంటసేపు బోధించాడు.

ఆయన పాడిస్తే ఎండిన సొరకాయ కూడా లేత కాయలా కనపడేది. జనం కిందా మీదా పడి నవ్వుతున్నారు. కృపమణి ఆడవాళ్ల వరసలో ఉంది. అప్పుడే ఒక పెట్టను పాడుకుని ఒళ్లో పెట్టుకుంది. దీపం ఇంకా ఇంటికి రాలేదని శాంతయ్య మనసులో ముల్లు. దావీదురాజు మాత్రం మొగవాళ్ల ముందు వరసలోనే ఉన్నాడు, గుడి అయ్యాక ఇస్తాడులే అనుకున్నాడు.

ఎవరో గుడ్డ కప్పిన చేట ఒకటి అందించి చెవిలో పేరు చెప్పారు. శాంతయ్య గొంతెత్తాడు.

"ఇది గవిగట్టు పంతులు దావీదురాజు పెట్టిన కానుక. పోయినేడు గుమ్మడికాయ పెట్టినాడని మీరంతా నవ్వినారే, ఇప్పుడు చూడండి."

గుడ్డ తీశాడు. ఎర్రకోక పీలిక చుట్టిన తన దీపం.

చేట చూశాడు. అదీ తమ ఇంటిదే. దావీదురాజు వైపు చూశాడు. దావీదురాజు పందిరి గుంజలు ఎన్ని ఉన్నాయో చూస్తున్నాడు. ఇది నాది అనాలి. అంటే, దేవుడి బల్ల ముందునుంచి కానుక లాక్కున్న ఉపదేశి. అనకపోతే ఈ రాత్రి హగరి దాటేదెట్లా?

ఒకటే దారి కనిపించింది. తాను పాడకూడదు, కృపమణి పాడవచ్చు. ధర పెరగకుండా చూస్తే చాలు.

"దీపం," అన్నాడు, ఊరికే. "పాతది."

పై ఊరి రైతు ఉరుకుందప్ప కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. గుడికి చెందినవాడు కాకపోయినా ఏటా సరదాకు వచ్చి పెద్దవి పాడుకుని, అక్కడికక్కడే ఎవరికో ఒకరికి ఇచ్చేసి చప్పట్లు కొట్టించుకుని పోయేవాడు.

"ఏమప్పా ఉపదేశీ, సొరకాయకు అంత సెప్పి దీపానికి ఇంతేనా? వెలుగు ఎట్లుండాది?"

"తక్కువ," అన్నాడు శాంతయ్య, ఆశగా.

"తక్కువంటే సెల్లు శానా దినాలు వస్తాదన్నమాట. బరువా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. పక్కనే బల్ల. "లేదు. తేలిక."

"లోపల సెల్లులు ఉండాయా?"

"ఉండాయి. కొత్తవి."

"తీసి సూడకుండానే సెప్తివే. ఉపదేశికి దీపం లోపల గుడక కనపడ్తాది," అన్నాడు ఉరుకుందప్ప. పందిరంతా నవ్వింది. "బస్తా జొన్నలు."

శాంతయ్య "బస్తా జొన్నలు" అన్నాడు, ఒకటోసారి. భార్య వైపు చూశాడు. రెండోసారి అన్నాడు, ఆగాడు, మళ్లీ చూశాడు. కృపమణి ఒళ్లోని కోడి రెక్కలు సర్దుతోంది. ఇంట్లో జొన్నల బస్తా ఉంది. ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు. కోడి రెక్కలు ఎంత సర్దినా ఆమెకు తనివి తీరలేదు. మూడోసారి అన్నాడు.

ఉరుకుందప్ప లేచి దీపం అందుకున్నాడు. పోయిన మూడేళ్లూ వరసగా ఆయన పాడుకున్నది ఏదైనా ఉపదేశి చేతికే ఇచ్చాడు. శాంతయ్య చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి.

"యుద్ధం నాళ్లల్లో సెల్లు దొరకదు, దీపం దొరకదు," అన్నాడు ఉరుకుందప్ప అందరికీ వినపడేట్టు. "అయినా ఈ పిలగాడు దేవుడికి పెట్టినాడు. ఇంటికి సీకట్లో ఎట్ల పోతాడు? ఇంద పంతులూ, నీది నీకే."

చప్పట్లు మోగాయి. దావీదురాజు దీపం కళ్లకద్దుకున్నాడు. శాంతయ్య చాచిన చేతులను ఏం చేయాలో తెలియక, వాటితోనే తానూ చప్పట్లు కొట్టాడు.

ఇంటికి వచ్చి చేట గోడకు ఆనించాడు.

"చేట నువ్వే ఇచ్చినావా?"

కృపమణి కోడిని గంప కింద పెట్టింది. "పొద్దున ఉత్త చేతుల్తో వచ్చినాడయ్యా. ఏం పెడ్తావురా అంటే ఏడ్చినంత పని చేసినాడు. చేతిలో దీపం తప్ప ఏమీ లేదు. ఉరుకుందప్ప పాడుకుని నీకే ఇస్తాడనుకున్నా. ఏటా అట్లే గదా. వాడికి మర్యాద దక్కుతాది, దీపం మనింటికి వస్తాది అనుకున్నా."

"మరి నేను నీ పక్క సూస్తే?"

"నేను పాడితే అందురికీ తెలిసిపోతాది, వాడిది కాదని."

"మరి నేను?"

"నువ్వు ఓర్చుకుంటావు," అంది కృపమణి. అది పొగడ్త అనుకునే అంది.

బయట సైకిలు గంట మోగింది. దావీదురాజు. "బావా, సున్నపుబట్టీ దాకా నేనూ వస్తాండా. నా వెనకాలే రా, వెలుగు కనపడ్తాది."

అట్లా శాంతయ్య తన దీపం వెనకాల తాను తొక్కుకుంటూ బయల్దేరాడు. సగం చందమామ నెత్తి మీద ఉన్నాడు. బాట పిండి ఆరబోసినట్టుంది. దావీదురాజు దీపం వెలిగించే తొక్కుతున్నాడు. వెలుగు వెన్నెల్లో కలిసిపోయి ఎక్కడుందో కూడా తెలియడంలేదు. శాంతయ్య ఓర్చుకున్నాడు. ఇంకొంత దూరం ఓర్చుకున్నాడు.

"ఆర్పు రాజూ. వెన్నెల ఉండాది."

"ఉండనీ బావా, అందంగా ఉండాది."

సున్నపుబట్టీ దగ్గర దారి చీలుతుంది. దావీదురాజు కాలు కింద పెట్టాడు. శాంతయ్య కూడా దిగాడు, ఎప్పట్లాగే కష్టంగా.

"రాజూ, ఈ రేత్రికి నాకియ్యి. గురువుగారు కోతిబండలో ఉంటాడు. పొద్దెక్కితే ఊరు లేవికి ఇచ్చేస్తాడు. నాది నాకియ్యప్పా."

దావీదురాజు నవ్వు కాసేపు ఆగింది. "నీది ఎట్లయితాది బావా? అందురి ముందర నీ నోటితోనే చెప్పినావు, దావీదురాజు కానుక అని. ఉరుకుందప్ప నాకిచ్చినాడు. రేపు నీ సైకిలుకు సూస్తే ఆయప్పేమనుకుంటాడు? నేను యాడ తలెత్తుకునేది?"

తప్పు చేసినవాడు తడబడతాడని శాంతయ్య ఎదురుచూశాడు. దావీదురాజు తడబడలేదు. ఆ దీపం తనదేనని ఆ పిల్లవాడు అప్పటికే నమ్మేశాడు. వెలుగు గవిగట్టు వైపు తిరిగి, గుట్ట పక్కన ఒకసారి కనపడి పోయింది.

చందమామ కుంకాక శాంతయ్య ఏరు దాటాడు. ఇసుకలో చక్రం ఎక్కడ కూరుకుపోయిందో కాలితో వెతుక్కున్నాడు. అవతలి గట్టు మీద ముళ్లకంప ముందు చక్రాన్ని చీల్చింది. మిగిలిన దారి సైకిలును నడిపించుకుంటూ పోయాడు. కోతిబండ చేరేసరికి గుడి గంట కొట్టేశారు. గురువుగారు బల్ల ముందు నిలబడి ఉన్నాడు. జనమంతా వెనక్కు తిరిగి చూశారు. పంచె మోకాలి దాకా ఏటి ఇసుక, చెంపన ముల్లు గీత.

"ఏమప్పా, నీ దీపం ఏమైంది?" అంది విశ్వాసమ్మ.

ఓర్చుకుని ఉండవలసింది. చక్రం చీలిందని చెప్పినా అబద్ధం కాదు. కానీ రాత్రంతా నోరు మూసుకుని నడిచిన మనిషి. చేట దగ్గర మొదలుపెట్టి, చప్పట్లు కొట్టిన దాకా అంతా చెప్పేశాడు. పేర్లతో సహా. చెబుతుంటే ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు. కానీ జనం నవ్వారు. తన దీపం తానే వేలం వేసి, తానే చప్పట్లు కొట్టాడనేసరికి విశ్వాసమ్మ నేల మీద చెయ్యి ఆనించుకుని మరీ నవ్వింది. గురువుగారు కళ్లు తుడుచుకున్నాడు.

ఆరాధన అయ్యాక గురువుగారు భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. "పాపం, నీ తప్పు లేదు శాంతయ్యా," అన్నాడు. "కానీ దీపం కూడా లేదు గదా ఇక. లేవికి చెప్పాను." ఆ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు.

శాంతయ్య చక్రం కుట్టించుకుని సోమవారం ఇల్లు చేరేలోగా, కథ ఏరు దాటి ఆయనకంటే ముందే ఎర్రచెలిమ చేరింది. కృపమణి గుమ్మంలోనే ఉంది.

"ఊరూరా చెప్పుకుంటాండారు. నా తమ్ముడు దొంగంట, నేను దొంగకు చేట ఇచ్చినదాన్నంట. అంత ఓర్చుకోలేకపోతివా?"

"కోతిబండ పోయింది," అన్నాడు శాంతయ్య.

"పోయిందంటే?"

"లేవికి ఇచ్చినారు. ఆలస్యమైతే ఇస్తానని గురువుగారు ముందే చెప్పినాడు."

"నాకు చెప్పలేదే," అంది కృపమణి. చెప్పలేదు. ఆమె దిగులుపడుతుందని చెప్పలేదు. చెప్పివుంటే ఆమె ఆ చేట ఇచ్చేది కాదని ఆ పూటే ఆయనకు తట్టింది.

మరునాడు పొద్దున ఆమె కొంగు బిగించి, ఎక్కడికో చెప్పకుండా నడిచిపోయింది. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చింది. చేతులు ఖాళీ. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. గడప మీద కూలబడింది.

"గవిగట్టుకు పోయినావా?"

"పోయినా. ఇయ్యనన్నాడు. ఉరుకుందప్పను అడుగుపోమన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. అన్నం తిని పోక్కా అన్నాడు. వాడి పెండ్లాం ఆకు గుడక వేసింది." ఆమె కాళ్ల దుమ్ము చేత్తో దులుపుకుంది. "తినకుండా వచ్చినా."

తోడబుట్టినవాడి ఇంట్లో వేసిన విస్తరి ముందునుంచి ఆమె ఏనాడూ లేచి వచ్చింది లేదు. శాంతయ్య లోపలికి పోయి, చీకట్లో తడుముకుని పొయ్యి దగ్గర సంగటి కుండ పట్టుకున్నాడు. నంజుకునే ఊరిబిండి ఎక్కడ పెట్టిందో ఆయనకు తెలియలేదు. అడగకుండానే వెతికి, గడప దగ్గరికి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.